కడపలో కాన్ఫరెన్స్ పెడుతున్నారా? అతిథుల బస, ఊరు చూపించడం గురించి మొదటి నుంచీ చివరిదాకా

మన క్యాంపస్‌లో సెమినార్ అనగానే అందరూ బ్రోచరు, బ్యానరు, ముఖ్య అతిథి, శాలువాలు, మెమెంటోల మీద పడతారు. వచ్చినవాళ్ళు రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఉదయం వేడినీళ్ళు వస్తాయా, రెండో రోజు సాయంత్రం ఏం చూస్తారు అన్నది ఆఖరి వారంలో ఎవరో ఒక జూనియర్ లెక్చరర్ నెత్తిన పడుతుంది. కొన్నేళ్ళు ఆ లెక్చరర్‌ని నేనే. అతిథులు ఏడాది తర్వాత ఫోన్ చేసినప్పుడు ఎవరూ పేపర్ల గురించి మాట్లాడరు, గండికోట గురించి మాట్లాడతారు, లేదంటే రాత్రి గది తాళం దొరకని సంగతి గుర్తుచేస్తారు. అందుకే ఈ పని ఎట్లా చేయాలో వరుసగా రాస్తున్నా. కడపను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా గానీ, అనంతపురం, కర్నూలు వాళ్ళకి కూడా సగం పైన పనికొస్తుంది.

మొదటి పని: ఎవరు ఎటునుంచి వస్తారు, ఎటు పోతారు

రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు, డిపార్ట్‌మెంటు, పేపరు టైటిల్ అడిగి ఊరుకోకండి. ఏ రైలు, ఏ బస్సు, ఎన్ని గంటలకు దిగుతారు, తిరిగి ఎటు పోతారు, కూడా ఎవరైనా వస్తున్నారా, మెట్లు ఎక్కగలరా, ఏం తినరు, ఇవన్నీ అడగండి. ముఖ్యంగా తిరుగు ప్రయాణం. ఎందుకో కింద చెప్తా.

కడప స్టేషను ముంబై–చెన్నై లైను మీద ఉంది కాబట్టి రైళ్ళకు కొదవ లేదు, అయితే చాలా రైళ్ళు మనూరికి అర్ధరాత్రి, తెల్లవారుజామున వస్తాయి. ఎయిర్‌పోర్టు ఉంది గానీ అన్ని ఊళ్ళ నుంచీ రోజూ విమానాలు ఉండవు, అందుకే దూరం నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా తిరుపతి ఎయిర్‌పోర్టులో, అంటే రేణిగుంటలో, లేదా బెంగళూరులో దిగి రోడ్డు మీద వస్తారు. బెంగళూరు నుంచి అయితే రాయచోటి మీదుగా ఎంత లేదన్నా ఐదు గంటలు పడుతుంది. ఈ సంగతి ఆహ్వానపత్రంలోనే రాయండి, విమానం దిగి గంటలో వచ్చేస్తాం అనుకునేవాళ్ళు ఉంటారు.

విదేశాల నుంచి ఎవరైనా వస్తుంటే ఆ పని ఆరు నెలల ముందే మొదలుపెట్టాలి. వాళ్ళు కాన్ఫరెన్స్ వీసా మీద రావాలి, టూరిస్ట్ వీసా మీద వస్తే సమస్యే. దానికి మీ సంస్థ తరఫున కేంద్ర విదేశాంగ శాఖ, హోం శాఖల అనుమతులు తెప్పించుకోవాలి. వాళ్ళు క్యాంపస్ గెస్ట్‌హౌస్‌లో దిగినా సరే, విదేశీ అతిథి దిగిన వివరాలు, ఫారం-సి అని అందరూ పిలిచేవి, 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో పంపాలి. హోటళ్ళకి ఇది అలవాటే, గెస్ట్‌హౌస్ క్లర్కుకి తెలియకపోవచ్చు. ముందే కూర్చోబెట్టి చూపించండి.

తేదీలు మీ చేతిలో ఉంటే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండ గురించి కడపవాళ్ళకి చెప్పేది ఏముంది, నలభై డిగ్రీలు దాటిన రోజు ఎవరినీ కోట ఎక్కించలేం. అక్టోబరు, నవంబరు కూడా నాకు భయమే. 2021 నవంబరులో వానలకు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు ఊళ్ళు ఏమయ్యాయో చూశాం కదా. ఆ నెలల్లో పెట్టక తప్పకపోతే ప్రయాణాల దగ్గర ఒక రోజు వెసులుబాటు ఉంచుకోండి.

గదులు: ముందు మీరు ఒక రాత్రి పడుకోండి

బస మూడు రకాలుగా దొరుకుతుంది. గెస్ట్‌హౌస్, సెలవుల్లో ఖాళీ అయిన హాస్టల్ గదులు, ఊళ్ళో హోటళ్ళు. గెస్ట్‌హౌస్ పెద్దవాళ్ళకి, ముఖ్య వక్తలకి. హాస్టల్ గదులు రీసెర్చ్ స్కాలర్లకి, వాళ్ళకి తక్కువ ఖర్చులో అయిపోవడం ముఖ్యం. హోటలు అయితే ఏడు రోడ్లు, కోటిరెడ్డి సర్కిల్, ఆర్టీసీ బస్టాండు చుట్టుపక్కల చూసుకోండి, రాత్రి తొమ్మిదింటికి కూడా బయటికి వచ్చి టిఫినో మందుబిళ్ళో కొనుక్కోగలరు. క్యాంపస్ ఊరి బయట ఉన్నచోట ఆ సౌకర్యం ఉండదు. ఒక డిపార్ట్‌మెంటు వాళ్ళనో, ఒక ఊరి వాళ్ళనో రెండు మూడు చోట్ల చెదరగొట్టకండి, వ్యాను తిప్పలేక మీరే అలసిపోతారు.

ఇప్పుడు అసలు సంగతి. కాన్ఫరెన్స్‌కి పదిహేను రోజుల ముందు గెస్ట్‌హౌస్‌లో మీరు ఒక రాత్రి పడుకోండి. చూసి రావడం కాదు, పడుకోవడం. నేను మొదటిసారి అట్లా పడుకున్న గదిలో ట్యూబ్‌లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, ఏసీ పనిచేసింది. పగలు చూసి ఉంటే టిక్కు పెట్టి వచ్చేవాణ్ణి. రాత్రి పదకొండింటికి ఫోన్ ఛార్జింగ్ పెడదామంటే ఉన్న ఒక్క ప్లగ్గూ మంచం తల వెనక గోడకి ఉంది, మంచం జరిపితే తప్ప చెయ్యి పోదు. లైటు స్విచ్చి తలుపు పక్కన, ఆర్పేసి చీకట్లో తడుముకుంటూ మంచం దాకా రావాలి. తెల్లారి గీజరు వేస్తే ఇరవై నిమిషాలకి గోరువెచ్చగా రెండు చెంబుల నీళ్ళు వచ్చి ఆగిపోయాయి. బోరునీళ్ళ ఉప్పు పట్టి లోపల కాయిల్ అంతా తెల్లగా గట్టిపడిపోయిందని తర్వాత ప్లంబరు విప్పి చూపించాడు. పక్క రెండు గదుల్లోనూ అంతే. బాత్రూంలో బకెట్ ఉంది, మగ్గు లేదు, బట్టలు తగిలించుకోవడానికి మేకు లేదు. వీటిలో ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు. గదికి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఒక బెడ్‌ల్యాంపు, మగ్గు, తలుపు వెనక నాలుగు కొక్కేలు, గీజరు సర్వీసింగు. అంతే. కానీ ఆ రాత్రి పడుకోకపోతే నాకు తెలిసేది కాదు, వచ్చిన పెద్దాయన సభలో మాట్లాడాల్సిన రోజు పొద్దున్నే చన్నీళ్ళు పోసుకునేవాడు.

అదనంగా ఇవి కూడా చూడండి. దుప్పట్లు ఉతికినవేనా, తాగునీళ్ళ క్యాను ఏ అంతస్తులో ఉంది, దోమల బిళ్ళ ఉందా, కరెంటు పోతే జనరేటరు గదులకి కూడా ఇస్తారా లేక వరండాకేనా. ఆడవాళ్ళ గదుల గడియలు లోపలి నుంచి సరిగ్గా పడుతున్నాయో లేదో ఒక్కో తలుపూ మీ చేత్తో వేసి చూడండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కింది అంతస్తు, వెస్టర్న్ టాయిలెట్టు. పసిబిడ్డతో వచ్చే తల్లికి, తోడుగా వచ్చే అమ్మమ్మకి కలిపి ఒక గది. సింగిల్, షేరింగ్ ధరలు బ్రోచరులోనే వేరువేరుగా రాసేయండి, వచ్చాక బేరాలు పెడితే మొహమాటం.

తాళం చెవి

దీనికి వేరే శీర్షిక పెట్టడానికి కారణం ఉంది. ఒకసారి నాకు తెలిసిన ఒక క్యాంపస్‌లో సదస్సుకి మహారాష్ట్ర నుంచి ఒక సీనియర్ ప్రొఫెసరమ్మ వచ్చారు. రైలు తెల్లవారుజామున మూడింటికి. ఆటో మాట్లాడుకుని గెస్ట్‌హౌస్ చేరితే వాచ్‌మన్ లేచి వచ్చి, "తాళంచెవి నా కాడ లేదు మేడం, అన్న ఇంటికి పోయినాడు, ఫోన్ ఎత్తడంలా" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆమె ఆరింటి దాకా వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో ల్యాప్‌టాప్ బ్యాగుతో కూర్చున్నారు. పదింటికి మాట్లాడారు కూడా, చాలా బాగా. ఒక్క మాట అనలేదు. ఆమె ఏమీ అనకపోవడమే నన్ను ఇప్పటికీ పీడిస్తుంది.

కాబట్టి ఇట్లా చేయండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు మధ్య దిగేవాళ్ళ జాబితా వేరుగా రాయండి, ఒక్కో పేరు పక్కన స్టేషనుకి ఎవరు పోతారో, తాళం ఎవరి జేబులో ఉంటుందో రాయండి. స్టేషనుకి పోయే మనిషి దగ్గరే తాళం ఉంటే ఇంకా మంచిది. పిల్లల్ని, అంటే పీజీ స్టూడెంట్లని పంపేటప్పుడు ఇద్దరిని కలిపి పంపండి, మహిళా అతిథి అయితే వాళ్ళలో ఒకరు అమ్మాయి అయి ఉండాలి, ఆ అమ్మాయిని తిరిగి హాస్టల్ దగ్గర దింపే బాధ్యత కూడా వాహనానిదే. రాత్రి మేలుకుని ఉండే పిల్లలకి టీ డబ్బులు ముందే చేతిలో పెట్టండి, తర్వాత బిల్లు పెట్టుకోమనకండి.

ఒక కాగితం

గదిలో మంచం మీద ఒకే ఒక్క కాగితం పెట్టండి, ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు. రాత్రి ఏ టైములో అయినా ఎత్తే రెండు ఫోన్ నంబర్లు (ఎత్తకపోతే ఆ నంబరు రాయకండి), టిఫిను ఎక్కడ ఎన్నింటికి, వ్యాను ఎక్కడ ఆగుతుంది, వైఫై పాస్‌వర్డు, దగ్గర్లో మందుల షాపు, క్యాంపస్ నుంచి కోటిరెడ్డి సర్కిల్‌కి ఆటో సుమారుగా ఎంత అడుగుతుంది. తెలుగు రానివాళ్ళకి నాలుగు మాటలు కూడా రాయండి: "కారం తక్కువ", "చాలు", "ఎంత?", "యూనివర్సిటీ గేటు దగ్గర ఆపండి". వీటిని హిందీ అక్షరాల్లో కూడా రాస్తే ఉత్తరాది వాళ్ళు నిజంగా సంతోషిస్తారు.

తిండి

బఫేలో పనీరు, జీరా రైసు ఎక్కడైనా దొరుకుతాయి. కడప దాకా వచ్చినవాళ్ళకి ఒక పూట రాగి సంగటి, నాటుకోడి పులుసు, శాకాహారులకి సంగటిలోకి చెనిక్కాయల ఊరిమిండి (వేరుశెనగ పచ్చడి), గుత్తొంకాయ పెట్టండి. టిఫిను ఒకరోజు కారం దోశ. ఎర్రకారం పూసి, పైన పుట్నాల పొడి చల్లి, పెనం మీంచి నేరుగా ప్లేటులోకి రావాలి, వందమందికి ముందే వేసి డబ్బాలో పెడితే అది కారం దోశ కాదు. అందుకే వంట మాస్టరుతో మాట్లాడి రెండు పెనాలు హాలు బయటే పెట్టించండి. కారం మనకి అలవాటు, వాళ్ళకి కాదు, పక్కన మజ్జిగ కుండ ఎప్పుడూ నిండుగా ఉండాలి. జైనులు ఉల్లిపాయ, వెల్లుల్లి, దుంపలు తినరు, వాళ్ళ గిన్నె మీద చీటీ అంటించి వేరుగా పెట్టండి.

ఊరు చూపించడం: తిరుగు దారిని బట్టి

ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఒక బస్సు మాట్లాడి, ఒకే రోజు గండికోట, బెలుం గుహలు, ఒంటిమిట్ట, పుష్పగిరి అని పెట్టేస్తారు. ఎక్కడా అరగంట నిలవనీయరు, జనం బస్సులోనే నిద్రపోతారు. ఒక పూటకి ఒక చోటు చాలు. రెండోది, అతిథి ఎటు తిరిగి పోతాడో ఆ దారిలో ఉన్నది చూపించండి. అందుకే మొదట్లో తిరుగు ప్రయాణం అడగమన్నా.

తిరుపతి వైపు పోయేవాళ్ళకి ఒంటిమిట్ట కోదండరామాలయం దారిలోనే, పాతిక కిలోమీటర్లు. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, గర్భగుడిలో పక్కన హనుమంతుడు ఉండడు, అది చూపించి ఎందుకో అడగమనండి, ఊరివాళ్ళు వచ్చే కథలన్నీ చెప్తారు. మధ్య మండపంలో స్తంభాల దగ్గర తొందరపెట్టకండి. వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప చేతపట్టుకుని ఊరూరా తిరిగి అడిగిన డబ్బుతో ఈ గుడిని బాగుచేయించారు. ఇది అతిథులకి చెప్పండి, నేను ఎప్పుడు చెప్పినా ఒకరిద్దరు హుండీ దగ్గరికి వెనక్కి వెళ్ళడం చూశా. ఇంకా టైముంటే అదే రోడ్డు మీద రాజంపేట దగ్గర అన్నమయ్య 108 అడుగుల విగ్రహం, ఆయన పుట్టిన తాళ్ళపాక. ఒకవేళ మీ సదస్సు శ్రీరామనవమి రోజుల్లో పడితే, ఒంటిమిట్టలో కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో జరుగుతుంది, జనం లక్షల్లో వస్తారు, ఆ రోజు ఆ రోడ్డు మీద విమానం టైము నమ్ముకోకండి.

హైదరాబాదు వైపు మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కారులో పోయేవాళ్ళకి అహోబిలం దగ్గర. అయితే ఎగువ అహోబిలం, నవ నారసింహులు అంటే ఒక రోజు పని, దిగువ అహోబిలం వరకు చాలు.

ఊళ్ళో మూడు గంటలే ఉంటే ఇట్లా తిప్పండి. ముందు ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం. 1820లో కడపకి ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులకి జీతాలిచ్చి కూర్చోబెట్టి తాళపత్రాలు పరిష్కరింపజేశాడు. వేమన పద్యాలు 1829లో అచ్చేయించాడు. ఆ బంగళా ఉన్న చోటే గ్రంథాలయం వచ్చింది, ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం. తెలుగు, చరిత్ర, భాషాశాస్త్రం వాళ్ళకైతే ఈ ఒక్కటి చాలు, మిగతావన్నీ వదిలేసి ఇక్కడే ఉంటామంటారు, ఉండనివ్వండి. అక్కడినుంచి దేవుని కడప, తిరుమలకి తొలి గడప అంటారు కదా. ఉగాది రోజు ముస్లింలు వచ్చి దర్శనం చేసుకునే గుడి ఇది. తర్వాత పెద్ద దర్గా, అంటే అమీన్ పీర్ దర్గా. తలమీద వేసుకోవడానికి రుమాళ్ళు నాలుగైదు మీ దగ్గరే పెట్టుకోండి, అప్పటికప్పుడు వెతుక్కోకుండా. గుడీ దర్గా రెండూ ఒకే సాయంత్రం చూపిస్తే ఈ ఊరు ఎట్లాంటిదో మీరు వేరే చెప్పనక్కర్లేదు.

పక్షులు, అడవుల మీద పనిచేసేవాళ్ళు వస్తే కలివికోడి గురించి అడుగుతారు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందనుకున్న పక్షి 1986లో మన సిద్ధవటం దగ్గర లంకమల అడవిలో మళ్ళీ దొరికింది. రాత్రిళ్ళు తిరిగే పక్షి. చూపిస్తామని మాత్రం మాటివ్వకండి, అభయారణ్యంలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. దానికి బదులు పెన్నా ఒడ్డున సిద్ధవటం కోట చూపించి, ఆ చుట్టుపక్కల చిట్టడవి ఎట్లా ఉంటుందో రోడ్డు మీంచే చూపించండి.

గండికోట: దీనికి మాత్రం ఒక పూట పూర్తిగా

కడప నుంచి జమ్మలమడుగు మీదుగా దాదాపు 80 కిలోమీటర్లు, రెండు గంటలు వేసుకోండి. ఆఖరి రోజు సభ ఒంటిగంటకి ముగించి, భోజనం కాగానే ఒకటిన్నరకి బస్సు కదిలితే నాలుగింటి లోపు చేరుతారు. ముగింపు సభలో వందన సమర్పణ సాగదీస్తే పోయేది ఇక్కడి వెలుతురే, ఆ సంగతి సభాధ్యక్షుల వారికి ముందే వినయంగా చెప్పిపెట్టండి.

కోట ద్వారం దాటాక లోపల ఇప్పటికీ ఊరు ఉంది, ఇళ్ళ మధ్యనుంచే నడుస్తాం, మేకలు అడ్డం వస్తుంటాయి. ముందు చార్మినార్‌లా కనబడే చిన్న గోపురం, దాని దగ్గర పాత జైలు, కొంచెం ముందుకి జామియా మసీదు, పక్కనే ధాన్యాగారం, ఆ వెనక రంగనాథాలయం. మాధవరాయ గుడి ఇంకోవైపు, గోపురం దూరం నుంచే కనబడుతుంది, లోపల మూలవిరాట్టు లేదు. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు గోల్కొండ సేనాని మీర్ జుమ్లాని కలవడానికి ఇక్కడికి వచ్చాడు. ఇవన్నీ వరసగా చూసుకుంటూ, లోయ అంచుకి ఐదున్నరకి చేరేట్టు నడిపించండి, ముందుగా వద్దు. మసీదు దాటి రాళ్ళ మీద నడుస్తూ ఉంటే ఇంకా ఏమీ కనబడదు, బండలు, ముళ్ళచెట్లు. ఒక్కసారిగా నేల తెగిపోయి, మూడొందల అడుగుల కింద పెన్నానది మలుపు తిరుగుతూ ఉంటుంది. పలకలు పలకలుగా పేర్చినట్టున్న ఎర్రరాళ్ళ మీద సాయంత్రం ఎండ పడితే ఆ ఎరుపు నిమిష నిమిషానికీ ముదురుతుంది. అక్కడ మైకులో చరిత్ర చెప్పకండి, నోరు మూసుకుని వాళ్ళని చూడనివ్వండి.

అంచున బండలు నున్నగా ఉంటాయి, సెల్ఫీల కోసం ముందుకి పోతారు. ఇద్దరు వాలంటీర్లని అంచుకి, జనానికి మధ్య నిలబెట్టండి, ఈ పని మాత్రం మొహమాటపడకుండా గట్టిగా చేయాలి. బూట్లు వేసుకు రమ్మని ముందురోజే చెప్పండి, చీరలో హీల్స్ వేసుకుని వచ్చిన మేడంలు మసీదు దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడుతుంది, టార్చిలైట్లు నాలుగు. మనిషికి రెండు నీళ్ళ సీసాలు, బస్సులో గ్లూకోజు, ఒక ఫస్ట్ ఎయిడ్ డబ్బా. బాత్రూంల కోసం కోట దగ్గర పర్యాటక శాఖ హరిత హోటల్‌తో ముందే మాట్లాడుకోండి, అక్కడే టీ కూడా చెప్పొచ్చు. వీలున్నవాళ్ళు, ముఖ్యంగా దూరం నుంచి కుటుంబంతో వచ్చినవాళ్ళు, ఆ రాత్రి అక్కడే ఉండి తెల్లవారుజామున మళ్ళీ లోయ దగ్గరికి పోతే ఇంకా మంచిది.

అట్లా ఉండిపోయినవాళ్ళు మర్నాడు బెలుం గుహలకి పోవచ్చు, కొలిమిగుండ్ల మీదుగా గంటన్నర దారి. గుహలు 3,229 మీటర్ల పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా చూడనిస్తారు. లోపల ఉక్క, చెమట, కొన్నిచోట్ల వంగి నడవాలి. ఆయాసం ఉన్నవాళ్ళకి, బీపీ ఉన్నవాళ్ళకి ఈ మాట స్పష్టంగా చెప్పి, రాలేమంటే బలవంతపెట్టకండి, బయట నీడన కూర్చోవడానికి ఒక మనిషిని తోడివ్వండి.

వాహనం సంగతి. బేరం ఫోన్లో కుదిరితే సరిపోదు, ఎన్ని సీట్లు, ఏసీ ఉందా, డ్రైవరు బత్తా, టోలు ఎవరివి, ఎన్ని గంటలకి రావాలి అన్నది వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఒకసారి మాకు నలభై సీట్ల బస్సు అని చెప్పి ఇరవై ఆరు సీట్లది పంపారు, పద్నాలుగు మందిని ఎండలో నిలబెట్టి కార్ల కోసం గంటసేపు తిరిగాం. అప్పటినుంచి ముందురోజు సాయంత్రమే బండిని తెప్పించి చూసుకుంటున్నా.

పంపించేటప్పుడు

టీఏ ఫారం, హాజరు సర్టిఫికెట్టు, బస బిల్లు ముగింపు సభకి ముందే ఒక కవర్లో పెట్టి సిద్ధంగా ఉంచండి, రైలు టైములో సంతకం కోసం రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు ఎక్కించకండి. రాత్రి రైలుకి పోయేవాళ్ళకి పెరుగన్నం, రెండు అరటిపళ్ళు, ఒక నీళ్ళ సీసా పొట్లం కట్టి ఇవ్వండి, హాలులో మిగిలిన బిర్యానీ కాదు, ప్రయాణంలో అది పాడవుతుంది. రైలు కదిలేదాకా ఒక స్టూడెంటు ప్లాట్‌ఫాం మీద ఉండాలి. గదులు ఖాళీ అయ్యాక మంచాల కింద, బాత్రూం కొక్కేల మీద, ప్లగ్గుల దగ్గర మీరే ఒకసారి చూడండి. ప్రతిసారీ మూడు నాలుగు ఛార్జర్లు, ఒక కళ్ళజోడు, ఎవరివో మందులు దొరుకుతాయి. మందులున్నవాళ్ళకి అప్పటికప్పుడే ఫోన్ చేయండి, ఇంకా ఎర్రగుంట్లో రేణిగుంటో దాటి ఉండరు.